రేవు బంగారరాజు ప్రొపెన్సిటీ

“బుట్ట మీద గుడ్డ తియ్యమ్మా,” అన్నాడు బంగారరాజు.

“పువ్వులండి. ఎండకి వాడిపోతాయండి,” అంది ఆవిడ.

“ఇంకా ఎండెక్కడొచ్చిందీ? తియ్యి.”

ఆవిడ గుడ్డ తీసేలోపలే బుట్టలోంచి కోడిపెట్ట కొక్కొక్కో అంది. రేవులో ఉన్నవాళ్ళంతా ఘొల్లుమన్నారు. బంగారరాజు మాత్రం నవ్వలేదు. కోడికి వేరే టికెట్టు చింపి ఆవిడ చేతిలో పెట్టి, ఎక్కే చెక్క మీద ఎడమకాలు మళ్ళీ అడ్డంగా వేసి, వెనకున్నవాళ్ళ వైపు చూశాడు.

సఖినేటిపల్లి రేవులో అది పొద్దుటి పంటు. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన బిగించి, మీద చెక్కలు పరిస్తే అది పంటు. వశిష్ఠ గోదావరి దాటి నర్సాపురం వెళ్ళాలంటే మనుషులైనా, సైకిళ్ళైనా, మేకలైనా, అరటిగెలలైనా, పెళ్ళివారి బ్యాండుమేళమైనా దాని మీదే వెళ్ళాలి. దాని మీదికి వెళ్ళాలంటే ముందు బంగారరాజు కళ్ళ ముందునించి వెళ్ళాలి. రెండోదే కష్టం.

మనిషి తెడ్డుకర్రలా పొడుగు, సన్నం. ఉతికి ఉతికి పసుపూ కాని తెలుపూ కాని రంగులోకి దిగిన ఖాకీచొక్కా, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ, భుజాన తోలుసంచీ. నీటి మీద ఎండ తళతళలు చూసీ చూసీ ఎడమకన్ను ఎప్పుడూ సగమే తెరుచుకుని ఉంటుంది. ఆ సగంకన్ను చూస్తే టికెట్టు కొన్నవాడు కూడా జేబు తడుముకుంటాడు. బంగారరాజు తన నీడక్కూడా టికెట్టు చింపుతాడని రేవులో ఓ సామెత లాంటిది పుట్టింది. పుట్టించింది ఎవరా అని అతను చాలాకాలం అనుమానించాడు కూడా.

అతను పుట్టింది పడవల వాళ్ళింట్లోనే. కానీ తెడ్డు వెయ్యడం అబ్బలేదు. వల విసరడం అంతకన్నా రాలేదు. మీసాలు రాని వయసులో రేవులో కూర్చుని, ఎవడు టికెట్టు లేకుండా దాటాడో వేలుపెట్టి చూపిస్తుంటే అప్పటి పాటదారు చూసి పనిలో పెట్టుకున్నాడు. రేవును వేలంపాటలో ఎవరు పాడుకుంటే వాళ్ళు పాటదారు. పాటదారులు మారిపోయేవారు గాని బంగారరాజు మారలేదు. కొత్తగా వచ్చినవాడు పడవలతో, తాళ్ళతో పాటు ఇతన్నీ లెక్క చూసి తీసుకునేవాడు. ఇప్పుడున్నది దొరబాబు గారు.

ఆ రేవులో ఒక పద్ధతి ఉంది. ఒడ్డున ఉన్న ఊళ్ళవాళ్ళు రోజూ టికెట్టు కొనరు. కోతలయ్యాక కళ్ళంలోనే రేవుకింత అని ధాన్యం కొలిచి ఇస్తారు. ఏడాదంతా ఊరికే దాటుతారు. దాంతో ఎక్కడెక్కడివాడో కూడా “మాది ధాన్యం ఇల్లేనండి” అనేసి చెక్క ఎక్కబోతాడు. అలాంటివాళ్ళని బంగారరాజు ఒకటే అడుగుతాడు: “మీ కళ్ళానికి కొలతకెవరొచ్చేరండీ?” ప్రతి కళ్ళానికీ వెళ్ళేది తనే. ఆ సంగతి తెలియనివాడు ఏదో ఒక పేరు చెప్పి దొరికిపోతాడు.

“గుడ్ మార్నింగ్ బంగారరాజూ,” అంటూ అబ్రహాము మాస్టారు వచ్చారు.

మాస్టారు నర్సాపురంలో ఓ బళ్ళో ఇంగ్లీషు చెబుతారు. రోజూ ఈ ఒడ్డునించి ఆ ఒడ్డుకు వెళ్ళి, సాయంత్రానికి తిరిగొస్తారు. తెల్లచొక్కా, నల్లగొడుగు, చేతిలో టిఫిను క్యారేజీ. మొదట్లో, కళ్ళంలో ఎన్నడూ కనపడని ఆయన ధాన్యం ఇంటివారంటే బంగారరాజు నమ్మలేదు. వారం రోజులు వరసగా కాలు అడ్డుపెట్టాడు. ఆఖరికి మాస్టారు నవ్వేసి, “నీకున్నదాన్ని ఇంగ్లీషులో సస్పిషన్ అంటారయ్యా” అన్నారు. “అంటే ఏంటండీ?” అని అడిగాడు బంగారరాజు. అలా మొదలైంది. ఆనాటినించి మాస్టారు రోజుకో ఇంగ్లీషుమాట చెబుతారు. బంగారరాజు దాన్ని ఆ రోజంతా రేవులో వాడిపారేస్తాడు. అవతలవాళ్ళు బెదిరిపోతే అదో సరదా అతనికి. జీవితంలో ఉన్న సరదా అదొక్కటే.

“ఇవ్వాళ మాటేంటండీ?”

“ప్రొపెన్సిటీ,” అన్నారు మాస్టారు. “ఒక పనివైపు మనిషికి స్వతహాగా ఉండే మొగ్గు. ఎవరూ నేర్పక్కర్లేదు. మనసు దానంతటదే అటు వాలిపోద్ది.”

“మంచిపని వైపాండీ, చెడ్డపని వైపాండీ?”

“ఎటైనా అవ్వొచ్చు. కానీ వాడుకంతా చెడువైపే. అబద్ధాలాడే ప్రొపెన్సిటీ, దెబ్బలాటల ప్రొపెన్సిటీ, అలాగ. దానధర్మాలు చేసేవాడికి ఆ మాట వాడగా నేనైతే చూళ్ళేదు.”

“ఉదాహరణ చెప్పండి మరి.” ఉదాహరణ లేకుండా మాట పుచ్చుకునే అలవాటు అతనికి లేదు. చెల్లని కాసు అంటగడుతున్నారేమోనని అనుమానం.

మాస్టారు కోడిపెట్ట ఉన్న బుట్ట వైపు చూసి చిన్నగా నవ్వారు. “బంగారరాజుకి అనుమానించే ప్రొపెన్సిటీ ఉంది.”

చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఇంకో రోజైతే బంగారరాజుకూ నవ్వొచ్చేదేమో. ఇవాళ మాత్రం ఎక్కడో గుచ్చుకుంది. “పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటారు. అదేనన్నమాటండి,” అన్నాడు.

“అదీ ఇదీ ఒకటి కాదయ్యా. అదిగో, ఆ కొబ్బరిచెట్టు చూడు. ఎప్పట్నించో గోదారి మీదికి ఒరిగుంది. పడిపోయిందా? లేదుగా. మొగ్గంటే అంతే. ఒరగడం వేరు, పడ్డం వేరు.”

“ఆయ్,” అన్నాడు బంగారరాజు. మాస్టారు చెక్క ఎక్కేశారు.

పంటు వెళ్ళిపోయాక రేవు ఖాళీ అయింది. బంగారరాజు పాకలో బల్ల మీద కూర్చుని బీడీ ముట్టించాడు. పోయిన శుక్రవారం కళ్ళముందు కదిలింది. ఈ వారమంతా అదే కదులుతోంది.

భార్య వీరవేణి లేసు అల్లుతుంది. నర్సాపురం లేసు కేంద్రంవాళ్ళు దారం ఇస్తారు. వారమంతా ఇంటి అరుగు మీద కూర్చుని అల్లి, శుక్రవారం పట్టుకెళ్ళి ఇచ్చి, మళ్ళీ దారం తెచ్చుకుంటుంది. పెళ్ళైన దగ్గర్నించీ ఆవిడ ఎక్కడికెళ్ళినా బంగారరాజుకు అనుమానమే. నూతికెళ్ళి ఆలస్యమైతే అనుమానం. పుట్టింటినించి తొందరగా వచ్చేస్తే అనుమానం. ఏనాడూ ఏమీ దొరకలేదు. దొరకలేదంటే గట్టిగా దాచిందని అర్థం కదా అనుకునేవాడు. వెళ్ళేటప్పుడు సంచీ చూస్తాడు, వచ్చేటప్పుడూ చూస్తాడు. ఏం వెతుకుతున్నాడో అతనికే తెలీదు. ఆవిడ మాట్లాడకుండా సంచీ మూతి తెరిచి పట్టుకునేది. కూతురు పెళ్ళై ముమ్మిడివరం వెళ్ళిపోయేదాకా అలాగే గడిచిపోయింది.

పోయిన శుక్రవారం సంచీ ఎప్పటికన్నా బరువుగా కనిపించింది. అందరూ చూస్తుండగా చెక్క మీద బోర్లించాడు. తెల్లటి లేసు పట్టీలు, బల్లగుడ్డలు, పెద్ద దుప్పటంచు ఒకటీ జారిపోయి ఒడ్డున బురదలో పడ్డాయి. దుప్పటంచుతో కలిపితే వారం రోజుల పని కాదది, నెల పని. వీరవేణి అరవలేదు, ఏడవలేదు. ఒక్కొక్కటే ఏరుకుని, బురదనీళ్ళు పిండి, సంచీలో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయింది. అప్పట్నించీ అతనితో ఒక్కమాట మాట్లాడలేదు. అన్నం పెడుతుంది, నీళ్ళు తోడుతుంది, మాట లేదు. ఊరందర్నీ నిలదీసే మనిషికి ఆ మౌనం ముందు నిలబడ్డం చేతకాలేదు. ఆవిడ మళ్ళీ మాట్లాడాలి. అంతకన్నా అతనికి ఈ లోకంలో ఇంకేం అక్కర్లేదు.

‘ఇవాళొక్కరోజు,’ అనుకున్నాడు బీడీ ఆర్పేస్తూ. ‘పొద్దుగూకేదాకా ఎవర్నీ ఏమీ అడగను.’ మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆవిడ మధ్యాహ్నం పంటుకు వస్తుంది.

రెండో పంటుకు జనం చేరారు. జరీకండువా వాడొకడు చేతిసంచీతో వచ్చి, “ధాన్యం ఇల్లండి,” అన్నాడు. ముఖం ఎప్పుడూ చూసింది కాదు. కాలికి అంటిన ఎర్రమట్టి ఈ చుట్టుపక్కలది కానే కాదు. కళ్ళం ప్రశ్న బంగారరాజు నాలిక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాడు. కాలు తీసి, “ఎక్కండి,” అన్నాడు.

ఆ పెద్దమనిషి నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి చూశాడు. ఇంకో రెండడుగులు వేశాడు. మళ్ళీ చూశాడు. చివరికి దిగొచ్చి, “తప్పైపోయిందండి, మాది మెట్టప్రాంతం. అవతలొడ్డున పట్టించేద్దామనేగా ఒదిలేసేరు?” అంటూ టికెట్టు పుచ్చుకున్నాడు. అనుమానించకపోయినా అనుమానించాడనే అనుకుంటారు కాబోలు జనం.

తరవాతివాళ్ళు అంత మంచివాళ్ళు కారు. రేవులో బంగారరాజు కాలు తీసేశాడన్న కబురు గాలికంటే ముందు పాకింది. మేకపిల్ల పైటకింద దాటింది. మీసాలొచ్చిన కుర్రాడు అర టికెట్టుతో దాటాడు. ధాన్యం ఇళ్ళు ఒక్కపూటలో పుట్టగొడుగుల్లా పెరిగిపోయాయి. బంగారరాజుకు ఒళ్ళంతా దురదగొండాకు రాసినట్టుంది. అయినా చూపు గోదారి మీదే పెట్టుకుని నిలబడ్డాడు. అన్నం మానడం ఇంతకన్నా తేలిక అనిపించింది.

అప్పుడే దొరబాబు గారు మోటారుసైకిలు దిగారు.

“ఏంటి బంగారరాజూ, ధర్మసత్రం పెట్టేవా?”

“లేదండి.”

“గట్టు మీదనించి కళ్ళారా చూసేను. ఆ మేకనెందుకొదిలేవు?”

“ఇవ్వాళెవర్నీ అడక్కూడదనుకున్నానండి.”

దొరబాబు గారు అతని ముఖంలోకి చూశారు. అలాంటి చూపు బంగారరాజుకు కొత్త కాదు. ఇన్నాళ్ళూ తను చూసిన చూపే. తన మీద పడ్డం మాత్రం ఇదే మొదలు.

“ఎంత పుచ్చుకున్నావు? నిజం చెప్పు. రొంటిలో ఏం పెట్టుకున్నావు?”

“అయ్యబాబోయ్! అమ్మతోడండి, ఏమీ లేదండి.”

“లేకపోతే చూపించడానికేం?”

బంగారరాజు లుంగీ మడత విప్పాడు. బీడీకట్ట, అగ్గిపెట్టె. దొరబాబు గారు అగ్గిపెట్టె కూడా తెరిచి చూశారు. తోలుసంచీ బల్ల మీద బోర్లించారు. జనం చెక్క మీద నిలబడి చూస్తున్నారు. కోడిపెట్ట ఆవిడ బజారు చూసుకుని అప్పుడే తిరిగొచ్చింది. అందరికన్నా ముందు నిలబడి చూసింది. ఆవిడ నవ్వుంటే బాగుండేదనిపించింది బంగారరాజుకు. ఆవిడ నవ్వలేదు, జాలిపడింది.

“జాగర్త,” అని దొరబాబు గారు వెళ్ళిపోయారు.

ఏమీ దొరకలేదు. దొరకలేదు గనక గట్టిగా దాచాడని ఆయన అనుకుంటూ వెళ్ళి ఉంటారు. ఆ ఆలోచన రాగానే బంగారరాజు బల్ల మీద కూలబడ్డాడు. సిగ్గేసింది. కళ్ళు మండాయి. ఏ తప్పూ లేకుండా రొంటి విప్పి చూపించడం ఇలా ఉంటుందా? వీరవేణి వారం వారం ఇది ఎలా పడింది? ఈ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పాలి. ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటూ కూర్చున్నాడు. ఇంగ్లీషువి చాలా ఉన్నాయి గాని తెలుగులో ఒక్కటీ దొరకలేదు.

మధ్యాహ్నం పంటుకు వీరవేణి వచ్చింది.

ఆకుపచ్చ నేతచీర కట్టుకుంది. తలంటుకున్నట్టుంది, జుట్టు ముడి ఇంకా తడిగా ఉంది. చేతిలో సంచీ మామూలుగా తెచ్చేది కాదు, కూతురి పెళ్ళికి కొన్న పెద్ద గుడ్డసంచీ. నిండుగా ఉంది. నెత్తి మీద కొంగు సర్దుకుని, వరసలో అందరితోపాటు నిలబడి, తన వంతు రాగానే ఎప్పటిలాగే సంచీ మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకుంది.

బంగారరాజు ఎడమకన్ను దానంతటదే ముడుచుకుంది. పై మడత కింద లేసు కాదు, ఏదో రంగుగుడ్డ అంచు కనిపించింది. అడగబోయాడు. ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు.

“ఎల్లు,” అన్నాడు.

వీరవేణి కదల్లేదు. “చూడవా?” అంది.

వారం రోజుల తరవాత మొదటి మాట! “ఎందుకూ?” అన్నాడు. అంత మెత్తగా తను మాట్లాడగలడని అతనికే తెలీదు.

ఆవిడ అతని వైపు చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిలాయి. వెనక సైకిలువాడు బెల్లు కొట్టాడు. సంచీ మూతి మూసి, చెక్క ఎక్కి, పంటు చివరికి వెళ్ళి కూర్చుంది.

పంటు నడిమధ్యకు వెళ్ళాక వీరవేణి లేచి నిలబడ్డం బంగారరాజుకు ఒడ్డునించి కనిపించింది. వంగి నీళ్ళు ముట్టుకుని కళ్ళకద్దుకుంది. తరవాత చెయ్యి విసిరింది. గోదారికి పైసా వేసింది. అలవాటుగా దాటేవాళ్ళు గోదారికి పైసా వెయ్యరు. కొత్తవాళ్ళు, మొక్కున్నవాళ్ళు వేస్తారు. ఎందుకేసింది? అనుమానం పురుగు తొలవడం మొదలుపెట్టింది. కూతురికి నెలలు నిండుతున్నాయి, ఆ పిల్ల కోసమే మొక్కుకుని ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. సర్దిచెప్పుకోవడం అతనికి కొత్త విద్య. అయినా వచ్చేసింది.

సాయంత్రం పంటులో మాస్టారు దిగారు. “ఎలా ఉందోయ్ ప్రొపెన్సిటీ?” అన్నారు.

“లొంగదీసేనండి!” అన్నాడు బంగారరాజు. ముఖం వెలిగిపోతోంది. “పొద్దుణ్ణించి ఎవర్నీ ఒక్కమాట అడగలేదండి. మా ఇంటిదానిదైతే సంచీ కూడా చూళ్ళేదండి. ఒరిగేను గాని పళ్ళేదండి.”

“శభాష్!” అని మాస్టారు భుజం తట్టి వెళ్ళారు.

పంటులోంచి జనం దిగుతూనే ఉన్నారు. బంగారరాజు ఆకుపచ్చ చీర కోసం చూశాడు. శుక్రవారం ఎప్పుడూ ఈ పంటుకే వచ్చేస్తుంది. అందరూ దిగారు. ఆఖర్న వీరబాబు దిగాడు. బంగారరాజుకు చిన్నాన్న కొడుకు, నర్సాపురం రేవులో టికెట్లు చూసేది అతనే. తలపాగా తీసి చేత్తో నలుపుకుంటూ వచ్చాడు.

“మీ వదినేదిరా?”

“రాదన్నయ్యా.”

“రాత్రికుండిపోయిందా?”

వీరబాబు నేలకేసి చూశాడు. “లేసు కేంద్రంలో పిల్లలకి అల్లిక నేర్పే పనిచ్చేరంట. అక్కడే అప్పలమ్మ గారని ముసలావిడ ఉంది, ఆవిడతో గదిలో ఉంటదంట. ఇంక రానని చెప్పమంది.”

బంగారరాజు ఖాళీ పంటు వైపు చూశాడు.

“పంటు దిగి నా దగ్గర టికెట్టు కూడా పుచ్చుకుందన్నయ్యా. నువ్వు పుచ్చుకోడమేంటి వదినా, మన రేవు కదా అన్నాను. ఇన్నేళ్ళూ ఊరికే దాటేను చాల్లే అంది.”

“నేనివ్వాళ సంచీ చూళ్ళేదురా.” అతని గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. “చెప్పలేదా? ఇవ్వాళ నేను చూళ్ళేదు.”

“చెప్పింది.” వీరబాబు తలపాగా మళ్ళీ నలుపుకున్నాడు. “అడిగితే ఉన్నమాట చెప్పేద్దామనే వచ్చిందంట. నువ్వడగలేదంట. నేనూ అన్నాను అన్నయ్యా, ఇవ్వాళ చూళ్ళేదు కదా, మారేడేమో వదినా అని. ‘ఇవ్వాళ చూళ్ళేదు. రేపు చూస్తాడు’ అంది.”

బంగారరాజు ఇంటికెళ్ళేసరికి సందెవెలుగు ఇంకా ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది, గొళ్ళెం పెట్టలేదు. పొయ్యి మీద అన్నం, పక్కన చేపలపులుసు, రెంటికీ మూతలు. నడవలో చాప పరిచి ఉంది. ఆవిడ రేకుపెట్టె మూత తెరిచి, లోపల ఉన్నవన్నీ తీసి ఆ చాప మీద పరిచి పెట్టింది. చీరలు మడతలు విప్పి, దేనికది విడివిడిగా వేసింది. రవికెలు చేతులు చాపి ఉన్నాయి. పసుపు కుంకుమ భరిణెల మూతలు తీసి పక్కన పెట్టింది. అద్దం వెనక అట్ట కూడా ఊడదీసింది. వెతుక్కోవలసిన పని లేకుండా, అన్నీ కనిపించేలా.

అతనికి అర్థమయింది. అర్థమైనా చెయ్యి ఆగలేదు. చాప పక్కన గొంతుక్కూర్చుని ఒక చీర ఎత్తి దులిపాడు. ఏమీ రాలలేదు. ఇంకోటి ఎత్తి దులిపాడు. చాప అంచు లేపి కింద చూశాడు. అప్పుడు తనేం చేస్తున్నాడో తెలిసి, ఆ చీర ముఖానికి అడ్డం పెట్టుకుని, ఊళ్ళో ఎవరికీ వినపడకుండా ఏడ్చాడు.

చాప చివర ఆవిడ చిల్లరడబ్బులు దాచుకునే బొడ్డుసంచీ ఉంది, ఖాళీగా, లోపలి కుట్లు కనిపించేలా తిరగేసి.